బొమ్మతో పాటు అది ఉండే చోటునూ చూపించండి

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో ఇటలీ చర్చిల మీద రెండు పేజీల నిండా వేసిన ఫొటోలు చూశాను. అచ్చు బాగుంది. అయితే ప్రతి బొమ్మనూ నాలుగు అంచుల దగ్గర కత్తిరించి, ఒకదాని పక్కన ఒకటి పేర్చారు. ఏది మన కళ్లకు ఎదురుగా ఉంటుంది, ఏది తల పూర్తిగా ఎత్తితే గాని కనిపించదు, ఏ కిటికీ వెలుగు దేని మీద పడుతుంది, ఇవేవీ ఎక్కడా రాయలేదు. నేను ప్రభుత్వ హైస్కూళ్లలో డ్రాయింగ్ మాస్టరుగా పనిచేసి రిటైరయ్యాను. ఉండేది హన్మకొండలో. మా అమ్మాయి పాదువా యూనివర్సిటీలో చదివిన రోజుల్లో మా ఆవిడా నేనూ అక్కడికి వెళ్లాం. ఆ చర్చిల్లో నిలబడి చూశాక నా మనసులో ఒక మాట గట్టిగా నాటుకుపోయింది. ఒక చోటు కోసం చేసిన బొమ్మను ఆ చోటు నుంచి విడదీస్తే మనకు సగమే మిగులుతుంది. ఇది మన వరంగల్‌కూ వర్తించే మాట కాబట్టి, ఉత్తరం పొడుగైనా రాస్తున్నాను.

పాదువాలో స్క్రోవెన్యీ చాపెల్ అని చిన్న ప్రార్థనా మందిరం ఉంది. బయట ఉత్త ఇటుక గోడలు. వడ్డీ వ్యాపారంలో సొమ్ము చేసుకున్న కుటుంబానికి చెందిన ఎన్రికో స్క్రోవెన్యీ కట్టించాడు. 1305లో ప్రతిష్ఠ జరిగింది. లోపల గోడల నిండా జొట్టో అనే చిత్రకారుడు వేసిన చిత్రాలు. తలెత్తితే నీలి కప్పు, దాని మీద బంగారు చుక్కలు. గుడ్డ మీద కథను బొమ్మలుగా వేసే మన చేర్యాల పటం చూసినవాళ్లకు ఆ గోడలు పరాయివిగా అనిపించవు. పటంలో లాగే గోడను అడ్డవరుసలుగా, గళ్లుగా విడదీసి కథ చెప్పాడు. పై వరుసలో మరియమ్మ తల్లిదండ్రులు యోవాకీము, అన్నమ్మల కథ, కింది వరుసల్లో యేసు పుట్టుక మొదలు సిలువ వరకు, ఆ తర్వాతి సంగతులు. కథ గది చుట్టూ తిరుగుతూ మెల్లగా కిందికి దిగుతుంది, దానితో పాటు మనమూ తిరగాలి.

అన్నిటికన్నా కింద, మనిషి ఎత్తులో, రాతిలో చెక్కినట్టు కనిపించేలా బూడిద రంగులో వేసిన ఏడు సుగుణాలు ఒక గోడ మీద, ఏడు దుర్గుణాలు ఎదురు గోడ మీద ఉన్నాయి. తలుపు ఉన్న గోడ మీద తుది తీర్పు. అందులో స్వర్గం ఏ పక్కన ఉందో సుగుణాల గోడ ఆ పక్కనే ఉంది, నరకం ఉన్న పక్కన దుర్గుణాల గోడ ఉంది. స్వర్గానికి ఆనుకుని ఉన్న చివరి బొమ్మ ఆశ, రెక్కలతో పైకి ఎగురుతుంటుంది. దానికి సరిగ్గా ఎదురుగా, నరకం పక్కన, నిరాశ ఉరి పోసుకుని వేలాడుతుంటుంది. ఈ రెంటినీ పుస్తకంలో పక్కపక్కన అచ్చేస్తే రెండు మంచి బొమ్మలు, అంతే. అక్కడ నిలబడితే మాత్రం, ఆ తలుపు గుండా బయటికి పోయేవాళ్లు ఆ రెంటి మధ్య నుంచే నడిచి పోవాలని తెలుస్తుంది. జొట్టో అనుకున్నది అదే.

డ్రాయింగ్ చెప్పినవాడిగా ఇంకొకటి చెప్పకుండా ఉండలేను. సిలువ నుంచి దించిన యేసు చుట్టూ కూర్చుని ఏడ్చే దృశ్యంలో ఇద్దరు మనుషులు మనకు వీపు పెట్టి కూర్చుంటారు. వాళ్ల ముఖాలు కనిపించవు. వంగిన వీపులోనే దుఃఖమంతా తెలుస్తుంది. వాళ్ల వెనకే మనమూ కూర్చున్నట్టు ఉంటుంది. పైన దేవదూతలు గాలిలో మెలికలు తిరుగుతూ ఏడుస్తుంటారు. ఏడు వందల ఏళ్ల కిందట ఒక మనిషికి ఇది తోచిందంటే నాకు ఇప్పటికీ ఒళ్లు గగుర్పొడుస్తుంది.

ఆ చిత్రాలు గోడ నుంచి ఊడి రావు, ఎందుకంటే అవి గోడలో భాగం. ఆ రోజు ఎంత మేర వేయగలమో అంత మేరకే తడి సున్నపు గార పూసి, అది ఆరేలోగా నీళ్లలో కలిపిన రంగు వేస్తారు. సున్నం గాలి తగిలి గట్టిపడుతూ రంగును తనలోనే పట్టేసుకుంటుంది. దీన్నే ఫ్రెస్కో అంటారు. నీలం మాత్రం ఆరిన గార మీద బంకతో కలిపి వేయాల్సి వచ్చేది, అందుకే చాలాచోట్ల నీలమే ముందు రాలిపోయింది. మనుషుల ఊపిరిలోని తేమ కూడా ఆ గోడలకు చెరుపే. కాబట్టి లోపలికి ఒక్కోసారి 25 మందినే పంపిస్తారు. ముందు ఒక అద్దాల గదిలో కూర్చోబెట్టి, లోపలి గాలికి సరిపడేలా తేమా దుమ్మూ సర్దాక తలుపు తీస్తారు. లోపల పావుగంట. మా ఆవిడ పావుగంటకు ఇంత తతంగమా అంది, బయటికి వచ్చాక మళ్లీ ఎప్పుడు టికెట్ దొరుకుతుందని అడిగింది.

పాదువాలోని ఈ 14వ శతాబ్దపు గోడ చిత్రాలకు యునెస్కో గుర్తింపు వచ్చింది 2021లో. మన రామప్పకు వచ్చిందీ అదే ఏడు, అదే సమావేశంలో. ఆ సంగతి తెలిసినప్పుడు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

చాపెల్ పక్కనే ఎరెమితాని చర్చి ఉంది. దానిలో ఒవెతారి చాపెల్ గోడల మీద మాంతేన్యా అనే చిత్రకారుడు వేసిన చిత్రాలు ఉండేవి. 1944 మార్చి 11న బాంబు పడి అవి వేల వేల పెంకులైపోయాయి. ఆ పెంకులన్నిటినీ ఏరి దాచారు. పాత నలుపు తెలుపు ఫొటోల ఆధారంగా ఏ పెంకు ఎక్కడిదో కంప్యూటర్ సాయంతో పోల్చి, ఫొటోను గోడంత పెద్దది చేసి, దాని మీద ఆ రంగు ముక్కలను వాటి వాటి చోట్లలో అతికించారు. లేనిదాన్ని ఉన్నట్టు కొత్త రంగులతో పూడ్చలేదు. ఏది మిగిలిందో, ఏది పోయిందో చూడగానే తెలుస్తుంది. ఇక్కడ నా వాదనకు అడ్డొచ్చే సంగతి కూడా చెప్పాలి. ఆ చాపెల్‌లో కొన్ని దృశ్యాలను బాంబు పడక చాలా ముందే గోడ నుంచి తీసి వేరే చోట పెట్టారు, అందుకే అవి బతికాయి. అంటే ఒక్కోసారి తీయక తప్పదు. కానీ వాళ్లు వాటిని తిరిగి అదే చాపెల్‌కు తెచ్చారు.

వెనిస్‌లో ఇదే సంగతి ఇంకా బాగా అర్థమైంది. ఫ్రారి అనే పెద్ద ఇటుక చర్చిలో బలిపీఠం మీద చిత్రకారుడు టిషన్ వేసిన 'మరియమాత స్వర్గారోహణం' ఉంది. దాదాపు 7 మీటర్ల ఎత్తు, 1518లో పూర్తయింది. గుమ్మంలో అడుగు పెట్టగానే చర్చి మధ్యలో పాటలు పాడే సన్యాసులు కూర్చునే చోటు, దాని ముందు రాతి గోడ, ఆ గోడలో ఒక కమాను కనిపిస్తాయి. ఆ కమానులో నుంచి, అంత దూరాన, ఎర్ర చీర కట్టిన మరియమ్మ పైకి లేస్తూ కనిపిస్తుంది. బొమ్మ చుట్టూ పొడవాటి కిటికీలున్నాయి. వెనుక నుంచి వచ్చే అంత వెలుగుకు తట్టుకోవాలనే ఆ ఎరుపు అంత గాఢంగా వేశాడని నాకనిపించింది. 19వ శతాబ్దంలో దీన్ని తీసుకుపోయి మ్యూజియంలో పెట్టారు. 1919లో తిరిగి ఇక్కడికి తెచ్చారు. తెచ్చినవాళ్లకు చేతులెత్తి మొక్కాలి.

అదే ఊళ్లో సాన్ జోబ్బె చర్చి బొమ్మకు ఆ అదృష్టం లేదు. బెల్లీని అనే చిత్రకారుడు దాన్ని వేసినప్పుడు, చర్చిలో రాతితో చెక్కిన చట్రం ఎలా ఉందో బొమ్మలోపల స్తంభాలను అలాగే వేశాడు. రాతి స్తంభం ఎక్కడ ఆగిందో, రంగు స్తంభం ఎక్కడ మొదలైందో తెలియకూడదని. ఇప్పుడు బొమ్మ అకాడెమియా మ్యూజియంలో, చట్రం చర్చిలో. మ్యూజియంలో దాన్ని ఎంత బాగా చూసుకుంటున్నా, ఆ రంగు స్తంభాలు దేన్ని మోస్తున్నాయో అక్కడ తెలియదు.

మీ వ్యాసంలో వేసిన రవెన్నా మొజాయిక్ గురించి ఒక్క మాట. సాన్ విటాలె చర్చిలో 6వ శతాబ్దపు ఆ బంగారు గోడ మీ కాగితం మీద గోధుమ రంగులో ఉంది. అది అచ్చు తప్పు కాదు. గాజు మధ్య బంగారు రేకు పెట్టిన ఆ చిన్న చిన్న ముక్కలను ఒకే మట్టంగా అతకలేదు, కాస్త కాస్త వాలుగా గారలో గుచ్చారు. మనం నడిస్తే ఒక్కో ముక్క ఒక్కోసారి మెరుస్తుంది. అది ఏ ఫొటోలోనూ రాదు. రోమ్‌లో ఒక చాపెల్‌లో చిత్రకారుడు కరవాజ్జో వేసిన 'మత్తయి పిలుపు' కూడా అంతే. బొమ్మలో వెలుగు కుడి నుంచి వస్తుంది, ఆ చాపెల్‌లో నిజం కిటికీ ఉన్నదీ ఆ వైపే.

ఇక మన ఖిల్లా. వరంగల్ కోటలోని కాకతీయ తోరణం బొమ్మ లేని చోటు లేదు. బస్టాండు మీద, బ్యానర్ల మీద, పెళ్లి శుభలేఖల మీద కూడా చూస్తున్నాం. అందరూ దాన్ని ఒంటరిగా నిలబడ్డ ద్వారం అనుకుంటున్నారు. అవి నాలుగు. నాలుగు దిక్కులా నాలుగు తోరణాలు, మధ్యలో స్వయంభూ శివాలయం. ఏ దిక్కు నుంచి వచ్చినవాళ్లకైనా ఆ రెండు కంబాల మధ్య నుంచి గుడి కనిపించేది. ఫ్రారి చర్చిలో కమాను చేసే పని తోరణం చేసేది. ఇప్పుడు గుడి లేదు, దాని కంబాలూ దూలాలూ నేల మీద వరుసగా పడి ఉన్నాయి. మనకు మిగిలింది సాన్ జోబ్బె చట్రం లాంటిది. అక్కడికి వచ్చే పిల్లలు తోరణానికి వీపు పెట్టి సెల్ఫీ దిగుతారే తప్ప, దానిలో నుంచి లోపలికి చూడరు. చూడమని చెప్పేవాళ్లు లేరు. గుడి ఎంత మేర ఉండేదో చూపే ఒక మామూలు రేఖాచిత్రం, ప్రతి తోరణం ముందు నిలబడాల్సిన చోట, తెలుగులో ఒక బోర్డు మీద పెడితే చాలు. పోయినదాన్ని సిమెంటుతో మళ్లీ కట్టమని అడగడం లేదు. పాదువాలో చేసినట్టు, ఏది ఉంది, ఏది పోయింది అని నిజాయితీగా చూపిస్తే చాలు.

వేయిస్తంభాల గుడి కల్యాణ మండపం సంగతి మనకందరికీ తెలుసు. మరమ్మతు కోసం విప్పిన రాళ్లు ఏళ్ల తరబడి ఎండకూ వానకూ పడి ఉంటే చూసి ఎంత బాధపడ్డామో! 2024లో అది మళ్లీ తెరుచుకుంది. రాయి తన చోటికి తిరిగొస్తే ఎలా ఉంటుందో ఇప్పుడు అక్కడికి పోయి చూడవచ్చు.

రామప్పలో మదనికలు అనే స్త్రీ శిల్పాలు చూరు కింద, కంబానికీ కప్పుకూ మధ్య వాలుగా ఉంటాయి. కింద నుంచి, తలెత్తి చూసేవాళ్ల కోసం చెక్కిన శిల్పాలవి. అందుకే ఒళ్లంతా అంత సన్నగా, పొడుగ్గా సాగి ఉంటుంది. వాటిని ఎదురుగా ఫొటో తీసి, చుట్టూ నల్లరంగు పూసి పోస్టర్లు వేస్తున్నారు. గైడ్లు ఆ శిల్పాల కాళ్లకున్న ఎత్తు మడమల చెప్పులు చూపించి ముందుకు పోతారు. ఎర్రరాతి గోడ పక్కన మదనికల నల్లరాయి ఎందుకు పెట్టారో, పొద్దున తూర్పు వెలుగులో ఒకలా, మాపటికి ఒకలా ఎందుకుంటుందో ఒక్క నిమిషం ఆగి చెప్తే బాగుంటుంది.

నన్ను బాగా బాధపెట్టే సంగతి ఊళ్లలోది. మా చుట్టుపక్కల ఒక ఊరి గుడిలో పాత నల్లరాతి విగ్రహాలకు, భక్తితోనే, ఎనామిల్ పెయింట్ వేశారు. కళ్లకు తెలుపు, పెదవులకు ఎరుపు. ఉలి తిరిగిన గీత రంగు కింద పూడిపోయింది. ఇంకొక చోట చెరువు గట్టు మీది శిల్పాన్ని తీసి పంచాయతీ ఆఫీసు ముందు సిమెంటు దిమ్మె మీద నిలబెట్టారు. చెడ్డ ఉద్దేశం ఎవరికీ లేదు. కానీ ఆ శిల్పం చెరువును చూస్తూ ఉండేది. దానికి అక్కడే నాలుగు కర్రలు పాతి, రేకుల నీడ వేస్తే సరిపోయేది. సర్పంచులకూ గుడి పెద్దలకూ నా మనవి ఒక్కటే: కదిలించే ముందు, రంగు పూసే ముందు పురావస్తు శాఖవాళ్లను ఒక్కసారి పిలిచి అడగండి.

చేర్యాల పటానిదీ ఇదే కథ. ఒకప్పుడు గజాల పొడవు గుడ్డ మీద, పాడేవాళ్ల చేతుల్లో ఒక్కో గడీ విప్పుకుంటూ వచ్చేది. ఇప్పుడు ఒక్కో గడిని విడిగా వేసి, ఫ్రేము కట్టి అమ్ముతున్నారు. పటం వేసే నకాషీవాళ్ల పొట్ట గడవాలి, కొనేవాళ్లు అడిగేదీ అదే, వాళ్లను తప్పు పట్టను. మీరు మాత్రం ఒక పని చేయగలరు. ఏదైనా ఒక పూర్తి పటాన్ని మొదటి గడి నుంచి చివరి గడి దాకా, వరుస తప్పకుండా, వారం వారం మీ అనుబంధంలో వేయండి. దాని పక్కనే ఆ గడి దగ్గర పాడే కథనూ పాడేవాళ్ల నోటి మాటల్లోనే అచ్చేయండి. ఇటలీ చర్చిల గురించి మళ్లీ రాసినప్పుడు ప్రతి ఫొటో కింద ఒక చిన్న ప్లాను గీసి, ఎక్కడ నిలబడి చూడాలో ఒక చుక్క పెట్టండి. గీసేవాళ్లు కావాలంటే నేను గీసి ఇస్తాను.

– ఒక రిటైర్డ్ డ్రాయింగ్ మాస్టరు,
హన్మకొండ