రైలు దిగిన తర్వాత బారువ ఎంత దూరం?

సంపాదకుల వారికి నమస్కారాలు.

మన జిల్లాలో స్టేషను పేరును నమ్మి రైలు దిగిన కొత్తవారికి తిప్పలు తప్పవు. టిక్కెట్టు మీద శ్రీకాకుళం రోడ్డు అని ఉంటుంది, దిగేది ఆమదాలవలసలో. జిల్లా కేంద్రానికి అక్కడి నుంచి మళ్లీ పది కిలోమీటర్లకు పైగా పోవాలి. బోర్డు మీద సోంపేట అని ఉంటుంది, స్టేషను ఉన్నది కంచిలిలో. తీరాన ఉన్న మా ఊరు బారువకు తన పేరిటే ఒక స్టేషను ఉన్నా అది ఊరికీ సముద్రానికీ ఎడంగా ఉంది, ఎక్స్‌ప్రెస్ రైళ్లు దాన్ని పట్టించుకోకుండా సాగిపోతాయి.

ఉత్తర కోస్తా తీరానికి పర్యాటకులను రప్పిస్తామని, పెద్ద పెద్ద రిసార్టులు వస్తాయని తరచుగా వింటున్నాం కనుక ఈ సంగతి రాయవలసి వచ్చింది. నిన్నమొన్నటి వరకు మూలపేట ఓడరేవు, ఇప్పుడు భోగాపురం విమానాశ్రయం, ఏ సభలో చూసినా ఇవే మాటలు. అవి రావద్దని నేను అనను. అయితే విశాఖపట్నం నుంచి ఇచ్ఛాపురం దాకా 16వ నంబరు జాతీయ రహదారి, హౌరా-చెన్నై రైలు మార్గం రెండూ తీరానికి దగ్గరగానే సాగుతున్నాయి కాబట్టి, మా ప్రాంతానికి రావడం ఎప్పుడూ పెద్ద కష్టం కాలేదు. కష్టమంతా రోడ్డు నుంచో స్టేషను నుంచో సముద్రం దాకా మిగిలిన ఆ కొద్ది కిలోమీటర్లలోనూ, చేరాక రాత్రి తలదాచుకోవడంలోనూ ఉంది.

గత మాఘమాసంలో ఒక రాత్రి మా అబ్బాయి కోసం కంచిలి స్టేషను బయట నిలబడి ఉండగా, రాజమహేంద్రవరం నుంచి వచ్చిన దంపతులు, వారి ఏడేళ్ల పాప ఆటో బేరమాడుతూ కనిపించారు. గుడ్లు పెట్టడానికి ఒడ్డుకు వచ్చే ఆలివ్ రిడ్లే తాబేళ్లను పాపకు చూపించాలని బారువకు బయలుదేరారట. ఆటో అతను ఆరువందలు అడిగాడు. అతన్ని తప్పుపట్టలేను, ఆ వేళకు బారువలో తిరుగు బేరం దొరకదు, ఖాళీగా రావలసిందే. తీరాన ఒక అతిథి గృహం ఉందని ఎవరో చెప్పగా విని వచ్చామన్నారు. ఆ భవనం తాళం నెలల తరబడి తీయలేదని నాకు తెలుసు గనుక, వారిని మా ఇంటికి తీసుకువెళ్లి వసారాలో పక్కలు వేయించాను. తెల్లవారుజామున నా స్కూటరు మీద, పక్కింటి కుర్రాడి బండి మీద వారిని ఒడ్డుకు చేర్చాం. తాబేలు దొరకలేదు కాని, అది గుడ్లు పెట్టి వెనక్కి వెళ్లిన జాడ మాత్రం చిన్న ట్రాక్టరు చక్రం నడిచినట్టు పొడి ఇసుక నుంచి తడి ఇసుక దాకా ఉంది. పాప దాని పక్కనే కూర్చుని ఆ జాడ వెడల్పును జేనతో కొలిచింది. నాలుగు జేనలకు పైనే వచ్చింది.

పాప వంటి వారికి చూపించదగినవి ఈ తీరంలో తక్కువేమీ కావు. కళింగపట్నంలో వంశధార సముద్రంలో కలుస్తుంది, దానికి కాస్త ఎగువన శాలిహుండం కొండ మీద బౌద్ధ స్తూపాల శిథిలాలు ఉన్నాయి. టెక్కలి దగ్గర తేలినీలాపురంలో గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు ఊరి చెట్ల మీదే గూళ్లు కట్టుకుంటాయి. అక్కుపల్లి శివసాగర తీరం, మహేంద్రతనయ సముద్రంలో కలిసే మా బారువ సరే సరి. వీటిలో ఏ ఒక్క చోటికైనా సొంత కారు లేనివారు చీకటి పడ్డాక చేరగలరేమో అధికారులే ఒకసారి బయలుదేరి చూడాలి.

పలాస దాటాక ఇచ్ఛాపురం వరకు రైలు మార్గం ఖుర్దా రోడ్డు డివిజనులో ఉండటం వల్ల, ఒక రైలును ఆపమని అడగాలన్నా మా అర్జీ ఒడిశాకు పోవలసి వస్తోంది. అది తేలేదాకా ఆగనక్కరలేదు, బస్సు మన చేతిలో ఉన్నదే.

బస విషయానికి వస్తే, ఒడ్డున రిసార్టులు కట్టడం నాకు సమ్మతం కాదు. గుడ్డు నుంచి బయటపడిన తాబేలు పిల్ల సముద్రం మీది వెలుతురును ఆనవాలుగా పట్టుకుని నీటి వైపు నడుస్తుంది. ఒడ్డున విద్యుద్దీపాలు వెలిగితే దారి తప్పి ఊరి వైపు పాకుతుంది. దేనిని చూడటానికి జనం వస్తారో దానినే పోగొట్టుకున్నట్టవుతుంది. తుఫాను రక్షిత భవనాలను గదులుగా అద్దెకివ్వవచ్చునని ఒక మిత్రుడు సలహా చెప్పాడు, అదీ కుదరదు. 2018 అక్టోబరు 11న తిత్లీ వజ్రపుకొత్తూరు దగ్గర తీరం దాటిన రాత్రి అలాంటి భవనాల విలువ ఏమిటో మేం కళ్లారా చూశాం.

ఆ తుఫానుకు మా ఉద్దానం ప్రాంతంలో కొబ్బరి, జీడి తోటలు నేలకొరిగాయి. తిరిగి నాటిన కొబ్బరి కాపుకు రావడానికి ఏళ్లు పడుతుంది. ఆ తోటల్లోని ఇళ్లలోనే ఒక గది, శుభ్రమైన మరుగుదొడ్డి, దోమతెర ఏర్పాటు చేసుకునేవారికి చిన్న అప్పు, పంచాయతీ ద్వారా నమోదు కల్పిస్తే రైతుకు ఏడాదంతా నాలుగు డబ్బులు వస్తాయి, అతిథికి వేడి అన్నం, చేపల పులుసు దొరుకుతాయి. ఉద్దానం అనగానే బయటివారు ముందు భయపడేది కిడ్నీ జబ్బుకూ, నీటికీ. హిరమండలం జలాశయం నుంచి పైపుల ద్వారా వచ్చే వంశధార నీటిని అటువంటి ప్రతి ఇంటికీ తప్పకుండా అందించి, ఆ సంగతి గుమ్మం దగ్గర రాసి ఉంచితే ఆ భయం చాలావరకు తీరుతుంది. నదీముఖాల దగ్గర స్నానం ప్రమాదమని చెప్పే బోర్డులు కూడా కావాలి. కార్తీక వనభోజనాలకు వచ్చేవారికి అక్కడి లోతు తెలియదు.

ఇదంతా ఒక్కసారిగా జరగదని నాకూ తెలుసు. ముందుగా కంచిలి స్టేషను నుంచి సోంపేట మీదుగా బారువకు, సాయంత్రపు రైళ్లు వచ్చాక బయలుదేరేలా, రాత్రి తొమ్మిదింటికి ఒక్క బస్సు వేయమని ఆర్టీసీ వారిని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. కార్తీకం నుంచి చైత్రం దాకా నడిపి చూడండి. ఖాళీగా తిరిగితే మానేయండి.

భవదీయుడు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
సోంపేట మండలం, శ్రీకాకుళం జిల్లా.