లాంగ్‌ఇయర్ పేరుతో మేము అమ్మిన గ్రీన్ సన్‌ఫిష్‌ల గురించి

ఏప్రిల్, మే నెలల్లో సెయింట్ లూయిస్‌లోని మా దుకాణంలో లాంగ్‌ఇయర్ సన్‌ఫిష్ (అమెరికా వాగుల్లో ఉండే చిన్న మంచినీటి చేప) పిల్లలను కొన్నవారికి ఈ ఉత్తరం రాస్తున్నాను. వాటిలో కొన్ని లాంగ్‌ఇయర్‌లు కావు, గ్రీన్ సన్‌ఫిష్‌లు. పొరపాటు మాదే. హేచరీ (చేపపిల్లలను పుట్టించే కేంద్రం) నుంచి అంగుళం పొడవున్న పిల్లలు వస్తే, పెట్టె మీది పేరు నమ్మి తొట్టిలో వదిలాము. రంగు తేలని ఆ వయసులో రెండూ ఒకేలా కనిపిస్తాయి. అయినా నోరు పరీక్షగా చూసి ఉంటే తెలిసేది. నేను చూడలేదు.

తన తొట్టిలో చిన్న చేపలు రోజుకొకటి మాయమవుతున్నాయని ఒక తల్లి ఫోను చేసి చెప్పినప్పుడే విషయం బయటపడింది. నోట్లో పట్టే చేపలను గ్రీన్ సన్‌ఫిష్ తినేస్తుంది. వాళ్ల పిల్లవాడు పేర్లు పెట్టి పెంచుకున్న చేపలవి. ఆ కుటుంబానికి క్షమాపణ చెప్పాను, మీకూ చెబుతున్నాను.

మీ దగ్గరున్నది ఏదో ఇలా చూడండి. గ్రీన్ సన్‌ఫిష్‌కు నోరు పెద్దది, పైదవడ చివర కంటి మధ్య వరకూ వస్తుంది. లాంగ్‌ఇయర్ నోరు చిన్నది. గ్రీన్‌కు వీపు రెక్క వెనుక భాగంలో అడుగున నల్లమచ్చ ఉంటుంది, రెక్కల అంచులు పసుపుగానో తెల్లగానో కనిపిస్తాయి. లాంగ్‌ఇయర్ ఎదిగేకొద్దీ మొప్ప మూత చివర నల్లటి చెవిలాంటి భాగం పొడవుగా సాగుతుంది, దాని చుట్టూ సన్నటి తెల్ల అంచు ఉంటుంది. నల్లమచ్చ బ్లూగిల్ అనే మరో సన్‌ఫిష్‌కూ ఉంటుంది కాబట్టి దాని ఒక్కదాన్నే నమ్మకండి. పైగా ఇవి ఒకదానితో ఒకటి సులువుగా సంకరమవుతాయి. తేల్చుకోలేకపోతే పక్కనుంచి తీసిన ఫొటో పంపండి, నేనే చూసి చెబుతాను.

గ్రీన్ అని తేలితే వెనక్కి తెచ్చివ్వండి, పూర్తి డబ్బు ఇస్తాను. దయచేసి మెరమెక్ నదిలోనో పక్క చెరువులోనో మాత్రం వదలకండి. ఇక్కడి చేపే కదా అనిపించవచ్చు, కానీ తొట్టిలో ఇతర చేపలతో పెరిగినది రోగాలను మోసుకుపోగలదు. 1960లో జపాన్ యువరాజు అకిహిటో అమెరికా వచ్చినప్పుడు షికాగో మేయర్ బ్లూగిల్‌లను కానుకగా ఇచ్చారు. ఆహారానికి పెంచుదామని తీసుకెళ్లిన ఆ చేపలు బివా సరస్సు దాకా వ్యాపించి అక్కడి స్థానిక చేపలను దెబ్బతీశాయి. 2007లో, అప్పటికి చక్రవర్తిగా ఉన్న ఆయనే అందుకు బాధపడుతున్నానని చెప్పారు.

సొంతంగా పట్టుకుంటామని అడిగేవారికి నేను అడ్డు చెప్పను. ఓజార్క్ కొండల వాగుల్లో వేసవి మొదట్లో మగ లాంగ్‌ఇయర్‌ను చూడాలి: ముద్దబంతి రంగు పొట్ట, తల మీద నెమలికంఠం నీలపు గీతలు. ఇరవై ఏళ్లుగా చూస్తున్నా ఇప్పటికీ నీళ్లలో అలాగే నిలబడిపోతాను. కానీ సరిగ్గా అప్పుడే అది గులకరాళ్ల గూటిలో గుడ్లకు కాపలా కాస్తుంటుంది. దాన్ని తీసేస్తే గుడ్లను మిగతా చేపలు తినేస్తాయి. అందమైనదాన్ని వదిలి, గూటికి దూరంగా తిరిగే రెండు మూడు అంగుళాల చేపను పట్టండి. ఎదురుముల్లు లేని చిన్న గాలం, వానపాము ముక్క చాలు. చేయి తడిపాకే చేపను ముట్టుకోండి. లైసెన్సుతో పాటు, ప్రాణంతో ఇంటికి తేవచ్చో లేదో మీ రాష్ట్ర నిబంధనల్లో ముందే చూసుకోండి. వాగులో పట్టిన చేపలను మేము కొనము, అమ్మము.

ఎదిగిన లాంగ్‌ఇయర్‌కు 55 గ్యాలన్ల తొట్టి కావాలి, హీటర్ అక్కర్లేదు. ఈ మాట అమ్మేటప్పుడే అందరికీ చెప్పవలసింది, కొందరికి చెప్పలేదు. ఇకపై తొట్టి కొలత అడగకుండా సన్‌ఫిష్ అమ్మము. కొత్త పిల్లలు మూడు అంగుళాలు దాటి, నేను ఒక్కొక్కదాన్నీ చూశాకే అమ్మకానికి పెడతాము. అందువల్ల ధర కొంత పెరుగుతుంది.

చేపను తెచ్చేవారు మూత ఉన్న బకెట్‌లో, మీ తొట్టి నీళ్లే సగం వరకూ పోసి తీసుకురండి. ఈ శని, ఆదివారాలు దుకాణం తెరిచినప్పటి నుంచి మూసేదాకా నేను అక్కడే ఉంటాను.