పూణేలో ప్రాచీన చరిత్ర చదువుతున్న మా అమ్మాయికి

చిట్టితల్లికి,

నాన్న రాస్తున్నాను. ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. నాయనమ్మకి మోకాలి నొప్పి కాస్త తగ్గింది, డాక్టరు రాసిచ్చిన ఆయింట్‌మెంట్ పక్కన పడేసి మళ్లీ ఆ ఆముదమే రాసుకుంటోంది, ఎంత చెప్పినా వినదు. చిన్నోడికి మిడ్ పరీక్షలు అయిపోయాయి, బాగానే రాశానంటున్నాడు. మాచర్లలో ఎండలు అప్పుడే మొదలయ్యాయి. ఫోన్ చేస్తే "క్లాసులో ఉన్నా నాన్నా, మళ్లీ చేస్తా" అంటావు, మళ్లీ చెయ్యవు, నేను డ్యూటీలో ఉంటే నువ్వు ఖాళీగా ఉంటావు, నేను ఖాళీ అయ్యేసరికి నువ్వు పడుకుంటావు. అందుకని ఇవాళ వీక్లీ ఆఫ్ కదా, తీరిగ్గా కూర్చుని ఇలా టైపు చేస్తున్నాను. నువ్వూ తీరిగ్గా చదువు. ప్రత్యేకంగా విషయమంటూ ఏమీ లేదు.

మొన్న గురజాలలో పెళ్లికి వెళ్లాం, సుబ్బలక్ష్మి అత్త వాళ్ల ఆడపడుచు కూతురిది. భోజనాలు బాగా పెట్టారు, బూరెలు నీకిష్టమని అమ్మ అక్కడే నిన్ను తలుచుకుంది. హింజెవాడిలో పనిచేసే అత్త వాళ్ల పెద్దోడు కూడా వచ్చాడు. నువ్వు వాడిని ఏదో డేటా కోర్సు గురించి అడిగావట, ఫీజెంత, ఎన్ని నెలలు, అయిపోగానే ఉద్యోగం వస్తుందా అని. వాడు వాళ్లమ్మకి చెప్తే, ఆవిడ పందిట్లో నలుగురి ముందూ "మీ అమ్మాయి ఆ రాళ్ల చదువు మానేస్తోందటగా అన్నయ్యా, పోనీలే, మంచి పని చేస్తోంది" అంది. నేను అవుననీ అనలేదు, కాదనీ అనలేదు. మీ అమ్మ మాత్రం ఇంటికి వచ్చేదాకా నోరు విప్పలేదు. సరే, అది వదిలెయ్. పెళ్లిళ్లలో నలుగురూ నాలుగు మాటలు అనుకుంటారు.

తిండి సంగతేంటి? హాస్టల్లో రోజూ చపాతీలేనా? కందిపొడి, గోంగూర పచ్చడి, కొంచెం కారప్పూస అమ్మ డబ్బాల్లో సర్దింది. సత్యం బాబాయి శనివారం హైదరాబాద్ వెళ్తున్నాడు, అక్కడ పూణే బస్సులో వేస్తాడు. కిందటిసారి రక్తం తక్కువుందన్నారు కదా, ఐరన్ మాత్రలు వాడుతున్నావా? కాఫీ తాగిన వెంటనే వేసుకోకు, వంటికి పట్టదట, ఫార్మసీలో అబ్బాయి చెప్పాడు. ఈసారి మీ వాళ్లు తవ్వకాలకి ఎప్పుడు తీసుకెళ్తారు? ఎండలో వెళ్లేటప్పుడు కాటన్ బట్టలే వేసుకో, కాళ్లకి బూట్లు ఉండాల్సిందే, చెప్పులతో గుంటలోకి దిగొద్దు. తెల్లారేసరికి అలాంటి గుంటల్లో పాములు చేరతాయి, దిగేముందు కర్రతో అంచులన్నీ తట్టి చూసుకో. మీ సార్లు చెప్పే ఉంటారు, అయినా నేనూ చెప్తున్నాను.

ఈ నెలంతా నాకు సాగర్ రూటే పడింది. విజయపురి సౌత్‌లో దిగి లాంచీ ఎక్కే జనం బస్సులో నన్ను అడుగుతూనే ఉంటారు, "నాగార్జునకొండ మీద చూడటానికి ఏముందండీ, అంత దూరం నీళ్ల మీద వెళ్లాలా" అని. ఇదివరకు మ్యూజియం ఉందండీ, బుద్ధుడి విగ్రహం ఉందండీ అని చెప్పి టికెట్ కొట్టేసేవాణ్ణి. ఇప్పుడు నువ్వు చెప్పినవన్నీ చెప్తున్నాను. ఇక్ష్వాకుల రాజధాని విజయపురి అదేనని, పదిహేడు వందల ఏళ్ల కిందట ఇక్కడికి చదువుకోడానికి దేశదేశాల భిక్షువులు వచ్చేవారని. బోధిసిరి సంగతి చెప్తే ఆడవాళ్లు మరీ శ్రద్ధగా వింటారు. రాణి కాదు, ఒక మామూలు గృహస్థురాలు, ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి ఏలుబడి పద్నాలుగో ఏట అక్కడి చుళధమ్మగిరి అనే గుట్ట మీద చైత్యం, అంటే బౌద్ధుల ప్రార్థనా మందిరం కట్టించి, దానం చేసిన చోట్లన్నీ, వాళ్లింటి వాళ్ల పేర్లన్నీ రాయి మీద చెక్కించింది, మన ఊరి గుళ్లో చందా ఇచ్చిన వాళ్ల పేర్లు బండ మీద వేయించినట్టు. కశ్మీరం, గాంధారం, చీనా, సింహళం పేర్లు అందులో ఉన్నాయని నువ్వు చెప్పావు చూడు, ఆ మాట చెప్పేసరికి మొన్న ఒకాయన కూర్చున్నవాడు లేచి నిలబడి "మన సాగర్ దగ్గరా?" అన్నాడు. మా అమ్మాయి పూణేలో డెక్కన్ కాలేజీలో ఇదే చదువుతోందండీ అని చెప్పాను. వీరపురుషదత్తుడు మేనత్త హమ్మసిరి కూతుళ్లిద్దరినీ చేసుకున్నాడని చెప్తే నాయనమ్మ ఎంత సంబరపడిందో నీకు తెలుసుగా, "అయితే మనలాంటి వాళ్లే" అని వెంకాయమ్మ గారింటికి వెళ్లి మరీ చెప్పొచ్చింది. నువ్వు ఆ చదువు చదవబట్టే కదా ఇవన్నీ మా ఇంట్లోకి వచ్చాయి. సుబ్బలక్ష్మి అత్తకి ఇవేం తెలుసు, రాళ్ల చదువు అనేసింది.

తాతయ్య కూలికి వెళ్లిన కథ నీకు సగమే తెలుసు, మిగతా సగం నువ్వు చిన్నపిల్లవని ఆయన చెప్పలేదు. 1954లో ఆర్. సుబ్రహ్మణ్యం గారి ఆధ్వర్యంలో నాగార్జునకొండ లోయలో పెద్ద తవ్వకాలు మొదలయ్యాయి, 1955 డిసెంబరు 10న నెహ్రూ వచ్చి సాగర్ డ్యాముకి పునాదిరాయి వేశాడు. అంటే ఒకపక్క డ్యాము పని, ఇంకోపక్క నీళ్లు వచ్చేలోగా భూమిలో ఉన్నదంతా బయటికి తీసే పని. తాతయ్యకి అప్పుడు మీసం కూడా సరిగా రాలేదు. పొలంలో పార పట్టిన చెయ్యి కదా, మొదటి రోజు గుంటలో దిగి ఎడాపెడా తవ్వడం మొదలుపెట్టాడట. మేస్త్రీ వచ్చి పార లాక్కుని చిన్న తాపీ, బ్రష్షు చేతిలో పెట్టాడు. రోజంతా గోకితే బెత్తెడు లోతు కూడా దిగదు. దీనికీ కూలి ఇస్తారా అని ఆశ్చర్యపోయాడట.

ఒకరోజు గుంట పక్కగోడలో కుండ అంచు ఒకటి కనపడితే, ఇంకెవరూ చూడకముందే సారుకి ఇచ్చి మెప్పు పొందాలని గబుక్కున లాగేశాడు. కుండ రెండు ముక్కలైంది, దానితోపాటు చుట్టూ ఉన్న మట్టి కూడా జారిపోయింది. ఆ గుంట చూసే కుర్ర సారు పరిగెత్తుకొచ్చాడు. కొడతాడేమో అనుకున్నాడు తాతయ్య. ఆయన కొట్టలేదు, తిట్టలేదు, తల పట్టుకుని అక్కడే కూలబడ్డాడు. కాసేపటికి తేరుకుని తాతయ్యని పక్కన కూర్చోబెట్టుకుని గోడ చూపించాడు. ఇదిగో పైన నల్లమట్టి, కింద బూడిద, దాని కింద ఎర్రమట్టి, ఒక్కో పొర ఒక్కో కాలం, నువ్వు తీసిన కుండ బూడిదలో ఉందా ఎర్రమట్టిలో ఉందా? తాతయ్య చెప్పలేకపోయాడు. "చూశావా, ఇప్పుడిది ఎప్పటిదో నాకూ తెలీదు, నీకూ తెలీదు, ఇంక ఎవరికీ తెలీదు" అన్నాడట ఆ సారు. ఆ రోజు రాత్రి తాతయ్యకి అన్నం సయించలేదు. మర్నాటి నుంచి ఆయన గుంటలో ఏ పెంకు కనపడినా చెయ్యి పెట్టకుండా సారుని పిలిచేవాడు. రెండేళ్లు తిరిగేసరికి మట్టి రంగు మారితే మేస్త్రీ కంటే ముందు తాతయ్యే చెప్పేవాడు. సంతకం చెయ్యడం రాని మనిషి! కొత్త ఊళ్లో బావులు తవ్వేటప్పుడు కూడా మధ్యలో ఆగి గోడ చూస్తూ నిలబడేవాడు, మిగతా కూలీలు విసుక్కునేవాళ్లు.

మట్టి పొరల సంగతి నీ నోట విన్నాకే నాకు అర్థమైంది, ఆ సారు చెప్పింది మీ మొదటి సెమిస్టరు పాఠమేనని.

తర్వాత ఊళ్లు ఖాళీ చేయించారు. కట్టడాల రాళ్లకి నంబర్లు వేసి కొండ మీదికీ, ఒడ్డునున్న అనుపుకీ మోయించి మళ్లీ పేర్చారు. తాతయ్య పగలు ఆ రాళ్లు మోసి, రాత్రి సొంత ఇంటి దూలాలు ఊడదీసి బండికెత్తాడు. మన పూజగది గుమ్మం ఆ ఇంటిదే. నిన్ను ఆరో తరగతిలో కొండకి తీసుకెళ్లినప్పుడు గుర్తుందా, ఆయన శిల్పాల దగ్గర ఒక్క నిమిషం కూడా ఆగలేదు, కుండపెంకులు పెట్టిన అద్దాల బీరువా దగ్గర నిలబడి కదలనన్నాడు. లాంచీ హారన్ కొడుతుంటే నువ్వే చెయ్యి పట్టుకుని లాక్కొచ్చావు. దారంతా అవేంటి తాతయ్యా, ఎక్కడివి తాతయ్యా అని అడుగుతూనే ఉన్నావు. అప్పటినుంచీ నీది ఒకటే మాట. ఇంటర్‌లో ఎంపీసీ తీసుకోమన్నా వినలేదు, హెచ్‌ఈసీ అన్నావు. అలాంటి పిల్లవి రెండో ఏడాది సగంలో ఆపేస్తుందంటే నేనెలా నమ్మను?

నీకు చెప్పేంతవాణ్ణి కాదులే అనుకుంటూనే చెప్తున్నాను. కంప్యూటరు నేర్చుకోవద్దని నేననను. పాత ఊళ్లు ఎక్కడున్నాయో ఉపగ్రహం ఫొటోల మీద గుర్తు పెట్టే జీఐఎస్ ఉందని నువ్వే చెప్పావు, అది నేర్చుకో, ఆ డేటా కోర్సు కూడా సాయంత్రాలు చేసుకో. కానీ ఎం.ఏ. పూర్తి చెయ్యి. యూజీసీ నెట్ పరీక్షలో ఆర్కియాలజీకి విడిగా పేపరుంది కదా, అది రాయి. అందులో జేఆర్ఎఫ్ అనే ఫెలోషిప్ వస్తే 2023 నుంచి నెలకి 37,000 ఇస్తున్నారు, పీహెచ్‌డీ చేస్తూనే నీ కాళ్ల మీద నువ్వు నిలబడొచ్చు. గ్రేటర్ నోయిడాలో కేంద్ర పురావస్తు శాఖ వాళ్లు డిప్లొమా నడుపుతున్నారు, స్టైపెండ్ ఇచ్చి మరీ చదివిస్తారు, సీట్లు బాగా తక్కువ, ఇప్పటినుంచే తయారవ్వు. ప్రాకృతం, బ్రాహ్మి లిపి మీద పట్టు ఉన్నవాళ్లకి మైసూరులో శాసనాల విభాగం ఉంది. పోస్టులు ఏళ్ల తరబడి పడవు, పడినప్పుడు ఒకటో రెండో పడతాయి, అదీ తెలుసు నాకు. అందుకే నువ్వు సిద్ధంగా ఉండాలి అంటున్నాను. రోజూ గంటసేపు శాసనాలు చదువు, చదివింది చదివినట్టు నోట్సు రాసుకో, రాత్రి రెండింటిదాకా ఫోన్ చూడకు, పొద్దున్నే లేచి చదివితే బుర్రకి ఎక్కుతుంది. ఇంగ్లీషులో రాయడం సాధన చెయ్యి, మీ పేపర్లన్నీ అందులోనే కదా. సూరపరాజు వెంకటరామయ్య అనే బడిపంతులు ఒక స్తంభం చూసి పైవాళ్లకి తెలియజేయబట్టే కదా, 1926లో మద్రాసు నుంచి రంగస్వామి సరస్వతి గారు రావడం, ఆ లోయ సంగతి లోకానికి తెలియడం. ఆ పంతులు గారు మనకెందుకులే అని ఊరుకుని ఉంటే, నీళ్లు వచ్చేవరకూ ఎవరూ అటు తొంగిచూసేవాళ్లు కాదు.

ఇక డబ్బు సంగతి. సంక్రాంతికి వచ్చినప్పుడు నేనూ అమ్మా వెనక వరండాలో మాట్లాడుకున్నది నీ చెవిన పడిందేమోనని నా అనుమానం. మర్నాటి నుంచే నువ్వు ముభావంగా ఉన్నావు, వెళ్లేటప్పుడు నేనిచ్చిన డబ్బుల్లో సగం అమ్మ చీరల బీరువాలో పెట్టి వెళ్లావు. చూడమ్మా, మా ఉద్యోగుల సొసైటీలో తీసుకున్న సీసీఎస్ లోను ఉన్న మాట నిజం, నెలనెలా జీతంలో పట్టుకుంటున్నారు, దానికి లెక్కుంది. గాజులు బ్యాంకులో పెట్టింది చిన్నోడి ఫీజుకి, నీకోసం కాదు, మీ అమ్మ వాటిని సొంతంగా విడిపించుకుంటుంది, ఆవిడ చీటీ వచ్చే శ్రావణంలో పడుతుంది. ఇల్లు గడవడం నా పని. నీకు ఆ చదువు మీద మనసు విరిగి మానేస్తానంటే, అది వేరు, ఇంటికి రా, కూర్చుని మాట్లాడుకుందాం, ఎవరూ ఏమీ అనరు. కానీ మా కోసం మానేస్తానంటే మాత్రం నేను ఒప్పుకోను. తాతయ్య ఉన్నా ఒప్పుకోడు.

డబ్బాలు అందగానే ఫోన్ చెయ్యి. గోంగూర డబ్బా మూత కొంచెం వదులు, అమ్మ ప్లాస్టిక్ కవరు చుట్టింది, అయినా నిలబెట్టే పెట్టుకో, నూనె కారితే నీ పుస్తకాలు పాడవుతాయి. కందిపొడి రూమ్మేట్ పిల్లకి కూడా పెట్టు. ఆదివారం నాకు సాయంత్రం ఆరింటికి డ్యూటీ దిగుతుంది, ఆరున్నర నుంచి ఫోన్ చేతిలోనే పెట్టుకుని ఉంటాను.

ఉంటాను తల్లీ,
నాన్న

మరిచాను, ఆ డేటా కోర్సుకి అడ్వాన్సు ఏమైనా కట్టావా? కట్టి ఉంటే ఎంతో చెప్పు, వెనక్కి ఇస్తారేమో సత్యం బాబాయిని కనుక్కోమంటాను. ఆదివారం దాకా ఆగకు, ఇది చూడగానే ఒక్క ముక్క మెసేజ్ పెట్టు.