కోస్తాంధ్ర వాన సంగతి సరే, విదర్భ వాన సంగతి చెప్పండి: జలవనరుల శాఖ మంత్రిగారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన జలవనరుల శాఖ మంత్రిగారికి,

నమస్కారం. మాది కోనసీమలో ఏటిగట్టు పక్క ఊరు. ముప్పై ఏళ్ల పైచిలుకు హైస్కూల్లో ఫిజిక్స్ చెప్పి రిటైరయ్యాను. రెండెకరాల వరి, లంకలో (ఏటి మధ్య మెరకలో) కొంచెం అరటి ఉన్నాయి. మిమ్మల్ని అడిగేది ఒక్కటే. భద్రాచలం దగ్గర గోదారి పెరిగాక వచ్చే హెచ్చరిక ఎలాగూ వస్తోంది. దానికి రెండు వారాల ముందు మాకు ఇంకో మాట కావాలి. ఆ మాట చెప్పగల సైన్సు మన దేశంలోనే ఉంది.

2023 గుర్తు చేసుకోండి. జూలై ఆఖర్లో భద్రాచలం దగ్గర గోదారి 53 అడుగుల మూడో హెచ్చరిక దాటింది. మా అరటి నాలుగు రోజులు నీళ్లలోనే ఉంది. ఏరు తీశాక చేలో నిలిచిన నీటిని ఆయిల్ ఇంజను పెట్టి బయటికి తోడాం. తర్వాత ఆగస్టు వచ్చింది. దేశం మొత్తం మీద 1901 నుంచి ఉన్న లెక్కల్లో అంత పొడి ఆగస్టు లేదు, వాన 36 శాతం తక్కువ. మాది కాలువ శివారు. అదే ఇంజనుతో ఈసారి బోదెలోంచి (పిల్లకాలువలోంచి) చేలోకి తోడుకున్నాం. "నెల్లాళ్లలో ఇదేం చోద్యం మాస్టారూ?" అన్నాడు పక్క చేను రైతు. చోద్యమేమీ లేదు. రెండూ ఒకే పొయ్యి చేసిన పనులు.

ఇడ్లీపాత్ర మూత తీసేటప్పుడు ఆవిరి తగిలితే చెయ్యి చురుక్కుమంటుంది. ఆవిరి తనలో దాచుకున్న వేడిని, నీరుగా మారేటప్పుడు మన చేతిమీద దించేస్తుంది. ఆకాశంలో జరిగేదీ ఇదే. సముద్రం మీద ఆవిరైన నీరు మేఘంలో చినుకుగా మారగానే ఆ వేడి చుట్టూ ఉన్న గాలికి చేరుతుంది. లెక్క వేసి చూడండి: ఒక చదరపు కిలోమీటరు మీద ఒక్క సెంటీమీటరు వాన కురిస్తే పైన గాలిలోకి వదిలిన వేడి సుమారు 70 లక్షల యూనిట్ల కరెంటుతో సమానం. గోదావరి పరీవాహక ప్రాంతం 3 లక్షల 12 వేల చదరపు కిలోమీటర్లు.

ఇక్కడ నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. ఎండకి నేల వేడెక్కి, సముద్రం మీంచి గాలిని లాక్కుంటే రుతుపవనాలు వస్తాయని పిల్లలకి చెప్పాను. అది సగమే. వానలు మొదలయ్యాక నేల చల్లబడుతుంది కదా, మరి రుతుపవనం ఎందుకు ఆగదు? అప్పటినుంచి దాన్ని నడిపేది చాలావరకు మేఘాల్లోని వేడే. వేడెక్కిన గాలి పైకి లేస్తుంది, కింద ఖాళీలోకి సముద్రం మీది తడిగాలి వస్తుంది, అదీ చినుకవుతుంది, మళ్లీ వేడి. తన కట్టెలు తనే తెచ్చుకునే పొయ్యి అది.

ఆ పొయ్యి ఎక్కడ మండుతోందన్నదే మా బతుకు. ఉత్తర బంగాళాఖాతంలో అల్పపీడనం పుట్టి ఒడిశా, ఛత్తీస్‌గఢ్ మీదుగా పడమరకి నడుస్తుంది. గట్టి వాన దాని నైరుతి పక్కన పడుతుంది. అంటే గోదారిలో కలిసే ఇంద్రావతి, శబరి, ప్రాణహిత నదుల ప్రాంతాలు, బస్తర్, విదర్భ వైపు. ఒకటి వెళ్లేలోపు రెండోది వచ్చిందా, మాకు వరదే. మా ఊళ్లో ఆ రోజు ఎండ కాస్తూ ఉండొచ్చు. చుక్క వాన లేకుండా ఏరు ఎర్రగా పొంగి వస్తుంది.

పొయ్యి చోటు మారితే కథ తిరగబడుతుంది. వానల పట్టీ హిమాలయాల పాదాల దగ్గరికో, భూమధ్యరేఖ దగ్గర సముద్రం మీదికో పోతుంది. అక్కడ లేచిన గాలి మధ్య భారతం మీద దిగుతుంది. దిగే గాలి ఒత్తుకుని వేడెక్కుతుంది, మేఘాన్ని ఎదగనివ్వదు. రుతుపవనాలకి విరామం అంటారు దీన్ని. పసిఫిక్ సముద్రం నీరు మామూలుకన్నా వేడెక్కే ఎల్‌నినో ఏడాదైతే, ఈ పొయ్యి అటువైపు జరిగి విరామాలు సాగే అవకాశం ఎక్కువ. 2023 ఎల్‌నినో ఏడాదే.

రైతుకి పనికొచ్చే సంగతి ఇప్పుడు చెబుతాను. ఈ వానల పట్టీ ఇష్టం వచ్చినట్టు గెంతదు. భూమధ్యరేఖ నుంచి ఉత్తరానికి అలలా జరుగుతుంది, ఒక విడతకి 30 నుంచి 60 రోజులు. అందుకే రెండు మూడు వారాల ముందు అంచనా సాధ్యమవుతోంది. వాతావరణ శాఖ ప్రతి గురువారం రాబోయే నాలుగు వారాల అంచనా ఇస్తుంది. మా దాకా వచ్చేసరికి అది "కోస్తాంధ్రలో సాధారణం కంటే ఎక్కువ వర్షాలు" అనే ఒక్క ముక్క. అయ్యా, మా వరదకి కోస్తాంధ్ర వానతో పనేముంది? మాకు విదర్భ వాన చెప్పండి, బస్తర్ వాన చెప్పండి.

ధవళేశ్వరం బ్యారేజీలో ఆపగలిగేది మూడు టీఎంసీలు కూడా కాదు. 2022 జూలైలో ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటింది. ఆ లెక్కన ఒక్కరోజులో 200 టీఎంసీల పైనే సముద్రంలో కలుస్తాయి. అదే డెల్టాకి దాళ్వా (రెండో పంట) వచ్చేసరికి సీలేరు పవర్‌హౌస్ వదిలే నీళ్ల కోసం ఎదురుచూపులు. కాటన్ దొర ఆనకట్ట 1852లో పూర్తయింది. అప్పటినుంచి మన పద్ధతి ఒకటే, నీరు వచ్చాక చూసుకోవడం. పైగా సముద్రాలు వేడెక్కుతున్నాయి. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ ఆవిరి పట్టుకుంటుంది. 1950 నుంచి 2015 లోపు మధ్య భారతంలో విస్తారంగా పడే అతివృష్టి మూడు రెట్లయిందని పుణె వాతావరణ శాస్త్రవేత్తలు లెక్కతేల్చారు. మా ఎగువ అదే.

కాబట్టి ప్రతి శుక్రవారం తెలుగులో ఒక పేజీ ఇప్పించండి. ఇంద్రావతి, ప్రాణహిత, శబరి వైపు రెండు వారాల్లో వాన ఎక్కువా తక్కువా, ఎంత నమ్మకంతో చెబుతున్నారు, అంతే. ఎక్కువ అంటే లంకల్లో కోతకొచ్చిన కంద ముందే తవ్వుకుంటాం, పశువుల్ని గట్టెక్కిస్తాం. తక్కువ అంటే వంతులవారీ నీటికి ముందే సిద్ధపడతాం, ఎరువు ఆపుకుంటాం. పదిసార్లలో మూడుసార్లు తప్పినా తిట్టుకోం. పంచాంగాన్ని తిట్టుకున్నామా ఎప్పుడైనా?

డ్రెయిన్ల సంగతి కూడా దీనిలోదే. గుర్రపుడెక్క పేరుకున్న డ్రెయిన్ గురించి నేనొక ఆఫీసుకి మూడు అర్జీలు పెట్టాను. మనుషులు వచ్చింది వరద తీశాక. రెండు వారాల ముందు మాట ఉంటే పొక్లెయిన్ ఎప్పుడు, ఎక్కడికి పంపాలో మీ వాళ్లకీ తెలుస్తుంది. అమావాస్య, పౌర్ణమి పోటుతో వరద కలిసే రోజులు కూడా ఆ పేజీలో గుర్తుపెడితే మంచిది. పోటు మీద డ్రెయిన్ నీరు సముద్రంలోకి దిగదు, అదంతా చేలలోనే.

ఆ పేజీని మామూలు తెలుగులో రాసే మనిషి దొరక్కపోతే నేను రాసిపెడతాను. జీతం అక్కర్లేదు. గురువారం రాత్రికి అంచనా నా ఫోనుకి చేరితే, శుక్రవారం పొద్దున్న రామాలయం మైకులో చదివించే పూచీ మా ఊరిది.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఫిజిక్స్ మాస్టారు,
కోనసీమ