గుజరాత్‌లోని వెరావల్ రేవులో ఉన్నవాళ్ల ఓటు ఎవరు తీసుకుంటారు?

భారత ప్రధాన ఎన్నికల కమిషనర్ గారికి,

నమస్కారం. నేను శ్రీకాకుళం జిల్లాలో టీచరుగా చేసి రిటైరైనవాణ్ణి. 2024 మే 13న సముద్రం ఒడ్డున ఒక మత్స్యకార గ్రామంలో పోలింగ్ డ్యూటీ చేశాను. మధ్యాహ్నం ఒక ముసలమ్మ ఓటేసి, వేలి మీద సిరా ఆరకముందే నా బల్ల దగ్గరకొచ్చి కొంగుముడి విప్పింది. అందులో రెండు ఓటరు స్లిప్పులు. "నా కొడుకులవి బాబూ. ఇద్దరూ వెరావల్‌లో బోటు మీదున్నారు. ఆళ్లవి కూడా నేనేసేస్తే అవ్వదా?" అంది. అవ్వదమ్మా అన్నాను. స్లిప్పులు మళ్లీ మడతపెట్టి, కొంగున ముడేసుకుని వెళ్లిపోయింది.

నేను చెప్పింది రూలే. కానీ నా ఓటు నేను అప్పటికే వేసేశాను. డ్యూటీలో ఉన్నానని పోస్టల్ బ్యాలెట్ ఇచ్చారు. సరిహద్దులో ఉన్న జవానుకు ఆన్‌లైన్‌లో బ్యాలెట్ పంపిస్తున్నారు, చాలా మంచి పని. 85 ఏళ్లు దాటినవాళ్లు ఇంటి దగ్గరే ఓటు వేయవచ్చు. మరి అదే వీధి నుంచి బతుకుతెరువుకు గుజరాత్ వెళ్లినవాడు ఏం పాపం చేశాడు?

ఈ ప్రాంతం నుంచి వెరావల్ బోట్లకు వెళ్లేవాళ్లు ఆగస్టులో బయల్దేరతారు. అక్కడ వేట నిషేధం జూన్‌లో మొదలవుతుంది. అప్పటిదాకా బోటు నడిపించే తండేలూ రాలేడు, బోటు మీద పనిచేసే కళాసీ రాలేడు. అడ్వాన్సు తీసుకుని మధ్యలో బోటు దిగడం కుదరదు. మా పోలింగ్ తేదీలు చూడండి: 2014లో మే 7, 2019లో ఏప్రిల్ 11, 2024లో మే 13. మూడూ వేట సాగే రోజులే. అంటే వరసగా మూడు ఎన్నికల్లో ఈ మనుషుల పేర్లు జాబితాలో ఉన్నాయి గానీ, ఓటేసే దారి లేదు.

కష్టమొస్తే ప్రభుత్వం వీళ్లను తనవాళ్లనే అనుకుంటుంది. 2020 లాక్‌డౌన్‌లో గుజరాత్‌లో చిక్కుకుపోయిన నాలుగు వేలమందికి పైగా ఆంధ్ర మత్స్యకారులను బస్సుల్లో తీసుకొచ్చారు. ఆ బస్సులు వస్తున్నాయని తెలిసి ఊళ్లకు ఊళ్లు ఎదురుచూడడం నేను కళ్లారా చూశాను. అలా గుర్తుపెట్టుకున్న ప్రభుత్వం ఓటు రోజున ఎందుకు మరిచిపోతుందో నాకు అర్థం కాదు.

2022 డిసెంబరులో మీ కమిషన్, ఉన్నచోటి నుంచే సొంత ఊరి ఓటు వేసే రిమోట్ ఓటింగ్ యంత్రం గురించి ప్రకటించినప్పుడు నేను చాలా సంతోషించాను. ఒకే యంత్రం మీద 72 నియోజకవర్గాల ఓట్లు తీసుకోవచ్చన్నారు. 2023 జనవరిలో ఆ యంత్రం చూపించడానికి పార్టీలను పిలిచారు. వలస ఓటరు అంటే ఎవరు, దూరంలో ఉన్న బూత్‌లో ఏజెంట్లను ఎలా పెట్టాలి అని వాళ్లు అడిగారు. అవి తీసేయదగ్గ ప్రశ్నలు కావు, నేను పార్టీలను తప్పుపట్టను. యంత్రం మీద నమ్మకం కుదరడానికి టైం పడుతుంది. కానీ అప్పటిదాకా ఊరుకోవాలా? ప్రజాప్రాతినిధ్య చట్టం 1951లో సెక్షన్ 60(సి) ఉంది. కేంద్ర ప్రభుత్వాన్ని సంప్రదించి మీరు ఏ వర్గాన్నయినా పోస్టల్ బ్యాలెట్‌కు అర్హులుగా నోటిఫై చేయవచ్చు. ముందుగా పేరు నమోదు చేసుకున్న వలస మత్స్యకారులతో మొదలుపెట్టండి. ఒక్క వెరావల్ హార్బర్‌లో ఓటింగ్ కేంద్రం పెట్టి చూడండి.

ఇంకో మాట. హైదరాబాద్, చెన్నైల నుంచి వలసకూలీలు ఓటుకు వస్తారు, నిజమే. చాలామంది చార్జీలు పార్టీలే పెట్టుకుంటాయి. బస్సెక్కించినవాడికి ఓటు బాకీ పడ్డామన్న మొహమాటంతో బూత్‌లోకి వెళ్లేవాళ్లను నేను చూశాను. ఉన్నచోటే ఓటుంటే ఆ బాకీ ఉండదు.

అలాగే జాబితా సవరణకు వచ్చినవాళ్లు తాళం వేసి ఉన్న ఇల్లు చూసి "ఊళ్లో లేరు" అని రాసేయకుండా చూడండి. తాత్కాలికంగా ఊరు విడిచినంత మాత్రాన నివాసం పోదని 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టంలో సెక్షన్ 20 చెబుతోంది. ఈ సంగతి జాబితా పట్టుకుని ఇంటింటికీ తిరిగే సిబ్బందిలో ఎంతోమందికి ఎవరూ చెప్పలేదు.

జూన్, జులైలలో మగవాళ్లంతా ఊళ్లోనే ఉంటారు, వలలు బాగుచేసుకుంటూ. మీ అధికారులను ఆ నెలల్లో పంపించండి. బీచ్ దగ్గర కూర్చుని వాళ్లనే అడగమనండి. పేర్లు రాసుకోవడానికి నేను కూడా వస్తాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ టీచర్,
శ్రీకాకుళం జిల్లా