మందుల ఎగుమతి నియమాలు మహమ్మారి రాకముందే రాయండి: కేంద్ర ఆరోగ్య మంత్రికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర ఆరోగ్య, కుటుంబ సంక్షేమ శాఖ మంత్రి గారికి,

నమస్కారం. హైదరాబాద్ శివార్లలోని ఓ మందుల కంపెనీ ఎగుమతుల విభాగంలో చాలా ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. 2020 మార్చి 3న పారాసిటమాల్ సహా 26 రకాల ముడి మందులు, వాటితో తయారయ్యే మందుల ఎగుమతిపై విదేశీ వాణిజ్య వ్యవహారాలు చూసే కేంద్ర విభాగం డీజీఎఫ్‌టీ ఆంక్షలు పెట్టినప్పుడు ఇంకా ఉద్యోగంలోనే ఉన్నాను. తక్షణం అమల్లోకి, తదుపరి ఉత్తర్వుల వరకు అని రాశారు. లేబుళ్లు అతికించి, సీళ్లు వేసి, లారీ కోసం గోడ వారగా వరుసపెట్టిన డ్రమ్ములు అక్కడే ఉండిపోయాయి. అవతలి దేశం నుంచి కొనుగోలుదారు ఫోన్ చేసి ఎప్పుడు వదులుతారని మాత్రమే అడిగాడు. ఏం చెప్పాలో మాకు తెలియదు, కస్టమ్స్ ఏజెంటుకూ తెలియదు.

ఆపడమే తప్పని నేననను. చైనా నుంచి ముడిసరుకు రాక దెబ్బతిన్న రోజులవి, మన మందుల షాపులు ఖాళీ అవుతాయన్న భయం ఉత్తదేమీ కాదు. కానీ దేశంలో నిల్వ ఎంత ఉంది, ఎన్నాళ్లు ఆపుతారు, అవతల ప్రాణం మీదికొచ్చిన రోగి ఉంటే ఎవరిని అడగాలి అన్నవాటికి ఆ కాగితంలో ఒక్క మాటా లేదు.

ఆ తర్వాత, కోవిడ్‌కు పనిచేస్తుందని అప్పట్లో అనుకున్న మలేరియా మందు హైడ్రాక్సీక్లోరోక్విన్ వంతు. మార్చి 25న కొన్ని మినహాయింపులతో నిషేధించాం, ఏప్రిల్ 4న ఆ మినహాయింపులూ తీసేశాం. 6న అమెరికా అధ్యక్షుడు ట్రంప్ ప్రతీకారం మాట ఎత్తారు, 7న సడలించాం. పొరుగు దేశాలకూ, బాగా దెబ్బతిన్న దేశాలకూ మానవతా దృక్పథంతో ఇస్తున్నామని మన విదేశాంగ శాఖ చెప్పింది. అదే మాట 6వ తేదీకి ముందు చెప్పి ఉంటే ఎంత హుందాగా ఉండేది! ఇంతా చేసి ఆ మందు కోవిడ్‌కు పనిచేయదని తేలింది. అది నిజంగా పనిచేసే లూపస్, కీళ్లవాతం రోగులు మాత్రం షాపుల చుట్టూ తిరిగారు.

2021లో అదే దెబ్బ మనకు తగిలింది. తమ ప్రభుత్వ ఆర్డర్లకే ముందు సరుకివ్వాలనే రక్షణ ఉత్పత్తుల చట్టాన్ని అమెరికా అడ్డుపెట్టడంతో టీకా తయారీకి కావలసిన ఫిల్టర్లు, బ్యాగులు దొరకడం కష్టమైంది. ఆంక్షలు ఎత్తేయమని పుణె సీరం ఇన్‌స్టిట్యూట్ అధిపతి ఏప్రిల్ 16న అప్పటి అమెరికా అధ్యక్షుడు బైడెన్‌కు బహిరంగంగా మొరపెట్టుకున్నారు. మనకు కోపమొచ్చింది, రావలసిందే. సరిగ్గా ఆ రోజుల్లోనే మనమూ టీకాల ఎగుమతి దాదాపు ఆపేశాం. పేద దేశాలకు టీకా అందించే కోవాక్స్ ఎక్కువగా ఆధారపడింది ఆ సీరం మీదే.

ఆ ఏప్రిల్, మే నెలల్లో ఆపినందుకు మిమ్మల్ని తప్పుపట్టను. తిరుపతి రుయా ఆసుపత్రికి శ్రీపెరంబుదూర్ నుంచి రావలసిన ఆక్సిజన్ ట్యాంకర్ ఆలస్యమై మే 10 రాత్రి ప్రభుత్వ లెక్క ప్రకారమే 11 మంది పోయారు. అలాంటి రాత్రి ముందు మనవాళ్ల సంగతి చూడమని ఎవరైనా అంటారు. నా అభ్యంతరం తర్వాతి నెలల గురించి. అక్టోబర్ 21న 100 కోట్ల డోసుల పండగ చేసుకున్నాం. కోవాక్స్‌కు మన టీకాలు మళ్లీ బయల్దేరేసరికి నవంబర్ నెలాఖరు. ఆఫ్రికాలో ఆరోగ్య సిబ్బందిలో పూర్తిగా టీకా పడింది సుమారు నలుగురిలో ఒకరికేనని డబ్ల్యూహెచ్‌వో చెప్పింది కూడా ఆ నెలలోనే. ఇక్కడ ఆరోగ్యంగా ఉన్న పాతికేళ్ల కుర్రాడికి అందిన డోసు, అక్కడ కోవిడ్ వార్డులో నైట్ డ్యూటీ చేస్తున్న నర్సుకు అందలేదు. పౌరసత్వం చూసి ఆమెను ఆ కుర్రాడి వెనక నిలబెట్టడం నాకు న్యాయంగా అనిపించదు. దేశానికి తన ప్రజల పట్ల బాధ్యత ఎక్కువే, ఒప్పుకుంటాను. అయితే ప్రాణాపాయంలో ఉన్న మనవాళ్ల వరకే అది మొదటి హక్కు అవుతుంది. ఆ తర్వాత కూడా గేట్లు మూసి ఉంచితే దాన్ని బాధ్యత అనలేం.

ఈ ‘ముందు మనవాళ్లు’ అనేది దేశం సరిహద్దు దగ్గర ఆగే మాట కూడా కాదు. అదే మే నెలలో కర్నూలు దాటాక పుల్లూరు టోల్‌గేట్ దగ్గర ఆంధ్రా అంబులెన్సులను తెలంగాణ పోలీసులు నిలిపేశారు. హైదరాబాద్ ఆసుపత్రిలో బెడ్ ఖాయమైనట్టు చూపించి, ముందస్తు అనుమతి ఉంటేనే వదులుతామన్నారు. లోపల రోగి, డ్రైవర్ చేతిలో ఫోన్, ఫోన్ అవతల ‘కాగితం పంపిస్తున్నాం ఆగండి’ అనే గొంతు. మే 14న తెలంగాణ హైకోర్టు స్టే ఇచ్చాక గానీ దారి తెరుచుకోలేదు. టీకాలు రాష్ట్రాలనే కొనుక్కోమన్నప్పుడు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ చెరో కోటి డోసులకు గ్లోబల్ టెండర్లు పిలిచాయి. ఒకే సరుకు కోసం ఒకే దేశంలోని రాష్ట్రాలు పోటీపడ్డాయన్నమాట! ఆంధ్రప్రదేశ్ టెండరుకు ఒక్క బిడ్డూ రాలేదు. జూన్‌లో కేంద్రమే మళ్లీ కొనుగోలు బాధ్యత తీసుకుంది. రాష్ట్రాల మధ్య పనికిరాదని మీరే ఒప్పుకున్న పద్ధతి దేశాల మధ్య పనికొస్తుందా?

ధనిక దేశాలు ఇంతకంటే ఘోరంగా ప్రవర్తించాయని మీ అధికారులు అనొచ్చు. నిజమే. కెనడా తన జనాభాకు ఎన్నో రెట్ల డోసులు ముందే బుక్ చేసుకుంది. పేటెంట్లు పక్కన పెట్టమని 2020 అక్టోబర్ 2న మనమూ దక్షిణాఫ్రికా కలిసి ప్రపంచ వాణిజ్య సంస్థ డబ్ల్యూటీవోను అడిగితే, 2022 జూన్‌లో వచ్చింది టీకాలకే పరిమితమైన నీరుగారిన నిర్ణయం. పక్కింటివాడు దాచుకున్నాడు కాబట్టి నేనూ దాచుకుంటానన్న వాదన మన కంపెనీలకే నష్టం. నాలుగు రోజుల్లో మాట మార్చే దేశం దగ్గర కొనేకంటే సొంత ఫ్యాక్టరీ పెట్టుకోవడం మేలని కొనుగోలుదారులు అనుకుంటారు. నాతో కొందరు అన్నారు కూడా.

2025 మే 20న డబ్ల్యూహెచ్‌వో సభ్యదేశాలు ఆమోదించిన మహమ్మారి ఒప్పందంలో ఓ పద్ధతి ఉంది. అందులో చేరిన తయారీదారులు మహమ్మారి వేళ ఉత్పత్తిలో 20 శాతం డబ్ల్యూహెచ్‌వోకు అందుబాటులో ఉంచాలి, అందులో కనీసం సగం ఉచితంగా. ఆ వివరాల అనుబంధం ఖరారైతేనే ఒప్పందం సంతకాలకు తెరుచుకుంటుంది. ఆ తర్వాత 60 దేశాలు ధ్రువీకరించాలి. అంతదాకా మనం ఆగనక్కర్లేదు. టీకాలు తయారయ్యే హైదరాబాద్ జీనోమ్ వ్యాలీ, పుణె ఉన్న దేశం తన నియమం తానే రాసుకోవచ్చు. ఎగుమతి ఆపే ప్రతి ఉత్తర్వుకూ గడువు తేదీ ఉండాలి, 30 రోజులనుకోండి. పొడిగించాలంటే దేశంలోని నిల్వల లెక్క బయటపెట్టాలి. అప్పటికే సీలు వేసిన సరుకును వదిలేయాలి. ఇతర దేశాల ఆరోగ్య సిబ్బందికి సరిపడా వాటాను ఏ నిషేధమూ తాకకూడదు. ఆ వాటా ఎంతో పార్లమెంటు తేల్చాలి, ఒక్క ఫోన్ కాల్‌తో మారేలా ఉండకూడదు.

ఎగుమతి నోటిఫికేషన్లు వాణిజ్య శాఖ చేతిలో ఉన్నాయి కాబట్టి ఈ లేఖ ప్రతిని వారికీ పంపుతున్నాను. ఇది మా పరిధిలోది కాదని ఒకరికొకరు రాసుకోకుండా, మీ రెండు శాఖలూ కలిసి ఒకే జవాబు ఇవ్వాలని మనవి.

ఇట్లు,
మందుల ఎగుమతుల విభాగంలో పనిచేసి రిటైరైన ఓ హైదరాబాద్ వాసి