నోరు తెరిపించినప్పుడు చిగుళ్ళు కూడా చూడండి

సంపాదకులు గారికి,

మా అమ్మకు 74 ఏళ్ళు. నోట్లో పొక్కులు వచ్చినప్పుడల్లా మా ఇంట్లో ఒకటే మాట, వేడి చేసింది. మజ్జిగ, సబ్జా గింజలు, రెండు రోజులు కారం లేని పెరుగన్నం. తిరుపతి ఎండలకి వేడి చేయనిదెవరికిలే అని మేమూ పెద్దగా పట్టించుకోలేదు. పళ్ళు తోముకునేటప్పుడు ఉమ్మిలో రక్తం కనబడితే బ్రష్ గరుగ్గా ఉందేమోనని కొత్తది కొన్నాం. ఒకచోట చూపిస్తే నోరు తెరవమని కూడా అడగకుండా బీ కాంప్లెక్స్ మాత్రలు రాసి పంపేశారు. రెండేళ్ళు ఇలాగే గడిచాయి.

ఈ వేసవిలో కింది పళ్ళు రెండు కదలడం మొదలయ్యాక పళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాం. ఆమె మిల్లీమీటర్ల గీతలున్న సన్నని పుల్లలాంటి పరికరాన్ని పంటికీ చిగురుకీ మధ్య మెల్లగా దించుతూ ఒక్కో పంటి దగ్గర ఒక అంకె చెబుతుంటే, పక్కనున్న అమ్మాయి రాసుకుంది. మూడు దాకా పర్వాలేదట. అమ్మకు ఆరు, ఒకచోట ఏడు వచ్చింది. చిగురు పంటిని వదిలేసి అంత లోతు సంచి కట్టిందన్నమాట, మనవాళ్ళు పయోరియా అనేది దీన్నే. అమ్మకు షుగర్ కూడా ఉంది, షుగర్ ఎక్కువైతే చిగుళ్ళు చెడతాయి, చిగుళ్ళు చెడితే షుగర్ అదుపులోకి రాదు.

పొక్కుల సంగతి అడిగితే డాక్టరు చెప్పింది విని నాకు ఆశ్చర్యమేసింది. బుగ్గ లోపలో పెదవి లోపలో వచ్చే పుండు వేరట. పంటిని అంటుకున్న గట్టి చిగురు మీదో అంగుడి మీదో చిన్న చిన్నవి గుంపుగా మళ్ళీ మళ్ళీ వస్తే హెర్పిస్ వైరస్‌ను అనుమానించాలట. చిన్నప్పుడెప్పుడో ఒంట్లోకి వచ్చి ముఖం నరం మొదట్లో దాక్కుని, వయసు మీదపడి ఒంట్లో సత్తువ తగ్గినప్పుడు మళ్ళీ లేస్తుంది, ఒంటి మీద సర్పి తెచ్చే వైరస్‌కు ఇది చుట్టమే. ఈ కుటుంబంలోవే ఇంకొన్ని వైరస్‌లు తెల్ల రక్తకణాల్లో బతుకుతాయి. వాచిన చిగురు దగ్గరికి ఆ కణాలు గుంపులుగా చేరతాయి కదా, వాటితో వైరస్ కూడా వస్తుంది. లోతైన చిగురు సంచుల్లో వీటిని పరిశోధకులు చాలాసార్లు చూశారు.

హెచ్‌పీవీ అని ఇంకో వైరస్ ఉంది, దానిలో కొన్ని రకాలు ఏళ్ళ తరబడి ఒంట్లో ఉండిపోతే గొంతు క్యాన్సర్ తెస్తాయి. అమెరికాలో 2009-10 జాతీయ ఆరోగ్య సర్వేలో 14 నుంచి 69 ఏళ్ళ వాళ్ళ నోళ్ళు పరీక్షిస్తే 6.9 శాతం మందిలో అది కనిపించింది, 60-64 ఏళ్ళ వాళ్ళలో మాత్రం 11.4 శాతం. అదే సర్వేలో 65 దాటిన వాళ్ళలో నూటికి 70 మందికి చిగుళ్ళ జబ్బు ఉందని తేలింది. రెండూ పెద్ద వయసులోనే ఎక్కువ కనిపించాయని ఒకదానివల్లే ఇంకోటి వచ్చిందని తేల్చెయ్యకూడదు, పొగతాగే అలవాటు రెండింటికీ తోడవుతుంది. అయితే రక్తం కారే చిగురులో చర్మం చిట్లి ఉంటుంది, ఈ వైరస్‌కు కావలసింది లోపలి పొర దాకా దారి, ఆ దారి అక్కడ తెరిచే ఉంటుంది కాబట్టి చెడిన చిగుళ్ళు దీనికి చోటిస్తాయేమోనన్న అనుమానం ఊరికే రాలేదు. ఇది ముఖ్యంగా లైంగిక సంబంధాల ద్వారా వచ్చే వైరస్ అనేసరికి మన ఇళ్ళలో పెద్దవాళ్ళ ముందు మాట ఆగిపోతుంది, అసలు చిక్కు అక్కడే. చాలామందిలో ఏడాది రెండేళ్ళలో దానంతటదే పోతుంది, టెన్షన్ పడాల్సిన పని లేదు. మన దేశంలో నోటి క్యాన్సర్‌కు పెద్ద కారణం ఇప్పటికీ పొగాకు, గుట్కా, వక్కలే.

ఇంతకీ నేను ఈ ఉత్తరం రాయడానికి కారణం వేరే. ముప్ఫై దాటిన వాళ్ళందరికీ బీపీ, షుగర్‌తో పాటు నోటి క్యాన్సర్ కూడా చూడాలని ప్రభుత్వ కార్యక్రమం ఉంది. మొన్న మా వీధికీ వచ్చారు. టార్చి వేసి అమ్మ బుగ్గలు, నాలుక కింద చూసి తెల్లమచ్చలేమీ లేవని రాసుకుని వెళ్ళిపోయారు. ఎలాగూ నోరు తెరిపించారు, ఇంకో అర నిమిషం చిగుళ్ళ మీద టార్చి వేసి, రక్తం వస్తోందా, పళ్ళు కదులుతున్నాయా, పొక్కులు ఎక్కడొస్తున్నాయి అని అడిగి ఆ ఫారంలోనే రాసుకుంటే ఏం పోతుంది? అవును అన్నవాళ్ళను దగ్గర్లో పళ్ళ డాక్టరున్న సర్కారు ఆసుపత్రికి పంపితే చాలు. తిరుపతి, చిత్తూరు జిల్లాల వైద్యాధికారులు దీన్ని ఆలోచించాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

అమ్మ మాత్రం క్లీనింగ్‌కు ఒక పట్టాన ఒప్పుకోలేదు. "గార తీస్తే పండ్లు వదులైపోతాయంట గదరా" అని వారం సతాయించింది. వదులు ముందే అయ్యాయనీ, ఇన్నాళ్ళూ ఆ గారే సిమెంటులా పట్టుకుని కనబడనివ్వలేదనీ డాక్టరు అద్దంలో చూపించాక కుర్చీలో కూర్చుంది.

ఇట్లు,
ఒక పాఠకుడు,
తిరుపతి